రెండు గిరకల బావి

ఇల్లు బాగుచేయించి కిరాయికి ఇవ్వాలనుకునే వాళ్ళకు నేను చెప్పే సలహా ఒకటే. సున్నం వేయించడానికి ముందు ఆ ఇంటి నీళ్ళతో గుప్పెడు కందిపప్పు ఉడకేసి చూడండి. పప్పు మెత్తబడితే సుతారిని, అదే తాపీ మేస్త్రీని, పిలవండి. మెత్తబడకపోతే ముందుగా ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలవండి.

ఈ మాట అన్నప్పుడల్లా మా వీధి కుర్రవాళ్ళు నవ్వుతారు. పాత ఇళ్ళు చవకగా కొని, మరమ్మతు చేయించి, కిరాయిలకు ఇచ్చుకోవాలన్న ఉత్సాహం వాళ్ళకు ఈ మధ్య బాగా పట్టుకుంది. గచ్చు మంచిదా, బండలు మంచివా, ఏ రంగు వేస్తే ఇల్లు త్వరగా పోతుంది, ఉద్యోగస్తులకు ఇవ్వాలా వ్యాపారస్తులకా అని నన్ను అడుగుతుంటారు. అన్నిటికీ జవాబు చెబుతాను. ముప్ఫై ఏళ్ళకు పైగా దినపత్రికల్లో పనిచేసినవాడు ఏ విషయం మీదైనా అర పేజీ చెప్పగలడు. కాని ఇళ్ళ సంగతి నాకు నిజంగా బోధపడింది ఒక్కసారే. అదీ ఒక ఇంటిని దాదాపు నాశనం చేశాక.

నిజాం రోజులవి. ఎక్కడో లడాయి జరుగుతుండేది, ఇక్కడ ఇనుప మేకు దొరకడం గగనమయ్యేది. నాకు ఇరవై ఆరేళ్ళు. కల్వకుర్తి నుంచి పట్నంలోని ఒక దినపత్రికకు వార్తలు రాసి పంపేవాణ్ణి. నాలుగు పంపితే ఒకటి అచ్చయ్యేది, అచ్చయిన దాంట్లో ఊరి పేరు తప్ప నేను రాసిన ముక్క మరొకటి మిగిలేది కాదు. ఊళ్ళో మాత్రం అందరూ నన్ను 'అక్బారు సారు' అనేవారు. గౌరవం దండిగా ఉండేది, భోజనం దండిగా ఉండేది కాదు. అందుకని ఒక పెద్దావిడ దగ్గర ఆమె ఇళ్ళ బాగోగులు చూసే పనికి కుదిరాను.

ఆమెను ఊరంతా అవ్వ అనేది. యాభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. మరిది ఇంట్లో ఒక అర్రలో ఉండేది. తిండికి లోటు లేదు. కాని పొయ్యి తనది కాదు. ఉప్పు ఎక్కువైందన్నా తక్కువైందన్నా తోడికోడలి మొహం చూడాలి. పదేళ్ళు అలా తిన్నాక అవ్వ ఒకరోజు నడుముకున్న వెండి వడ్డాణం, చేతి కడియాలు తీసి అమ్మేసి, బజారు వెనుక వీధిలో పాడుపడిన ఇల్లొకటి కొన్నది. ఏడు అర్రల మట్టి మిద్దె. ఇంటివాళ్ళు పట్నం వెళ్ళిపోయి ఏళ్ళయింది. దూలాలకు గబ్బిలాలు వేలాడుతుండేవి.

"మా వదినె ఇల్లు కొన్నది, గబ్బిలాలు కిరాయిస్తయట" అని మరిది చావడి దగ్గర నవ్వాడు.

అవ్వ ఆ మాట విన్నది. "బతుకమ్మ నాటికి నా పొయ్యి నేను ముట్టించుకుంట. సూస్తుండు" అన్నది.

ఆమె లెక్క సరళమైనది. ముందు వైపు విడిగా తలుపున్న చిన్న అర్రలో తనుంటుంది. మిగిలిన ఆరు అర్రలు ఎవరైనా ఉద్యోగస్తుడి కుటుంబానికి కిరాయికి ఇస్తుంది. ఆ కిరాయితో తన కూడు తాను తింటుంది. కల్వకుర్తి తాలూకా కచ్చేరి ఉన్న ఊరు. కచ్చేరికి, ఠాణాకు, దవాఖానకు బదిలీల మీద వచ్చేవాళ్ళు ఇళ్ళు దొరక్క తిరుగుతుండేవారు. ఇల్లు బాగుపడితే చాలు.

బాగుచేయించే పని నాకు అప్పగించి, ఎండాకాలం మొదట్లో అవ్వ మక్తల్ వెళ్ళింది. అక్కడ ఆమె కూతురికి కాన్పు దినాలు. బండి ఎక్కుతూ నాకు చెప్పింది ఒకే ఒక్క మాట.

"గోడలు ఎట్లున్నా సరే బిడ్డా, మిద్దె ఉరవద్దు. వానలకు ముందుగాల్నే చౌడు పోయించు."

మట్టి మిద్దె మీద ఏటా చౌడు మన్ను పోసి తొక్కించాలి. ఆ మన్ను తడిసిందంటే బిగుసుకుపోతుంది, చుక్క దిగదు. ఈ సంగతి నాకు తెలియదేమోనని ఆమె చెప్పింది. తెలియని సంగతి ఇంకొకటి ఉన్నదని ఆమెకు తోచలేదు. ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన విషయాన్ని ఎవరు మాత్రం నోరు తెరిచి చెబుతారు? పత్రికల్లో ఇన్నేళ్ళు పనిచేసి నేను నేర్చుకున్నదేమంటే, అందరికీ తెలిసిన సంగతే విలేకరికి చివరిగా తెలుస్తుంది.

పని మొదలుపెట్టాను. సుతారి గద్వాల దిక్కు నుంచి వచ్చినవాడు. పెద్ద మీసాలు, అంతకు పెద్ద కోపం. పని మాత్రం బంగారం. ఇటుక మీద తాపీతో ఒక్కసారి తట్టి, చప్పుడు విని, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని పక్కకు నెట్టేసేవాడు. మిద్దెకు చౌడు పోయించాం. దూలాల మీద చెదలు తిన్న దంతె కర్రలు తీయించి వేప దంతెలు వేయించాం. గానుగ సున్నం తెప్పించి గోడలకు వేయించి, అడుగున జానెడు ఎత్తున ఎర్రమట్టి జాజు పట్టీ తీయించాం. దర్వాజాలకు కుసుమ నూనె రుద్దించాను. గబ్బిలాలు వాటంతట అవే ఖాళీ చేసి పోయాయి.

ఇంటికి రెండు బావులు. ముందు వాకిట్లో ఉన్నది పెద్దది, చెక్కిన రాతితో కట్టినది. మండు వేసవిలోనూ నిండుగా నీళ్ళు. వెనుక దొడ్డిలో ఉన్నది చిన్నది. చప్టా కూలిపోయి, సీతాఫలం పొద అడ్డం పెరిగి, లోపల చీకటిగా ఉండేది. దాని పక్కనే వెనుక గోడ సందులోకి ఒరిగిపోయి ఉన్నది. ఆ గోడను, కూలిన పశువుల కొట్టాన్ని పడగొట్టించాక మట్టి, రాళ్ళు గుట్టలా పడ్డాయి.

"ఈ మన్నంత ఏడ పోద్దాం సారూ? ఊరవతలికి తోలాల్నంటే పది బండ్లన్న కావాలె" అన్నాడు సుతారి.

నేను చిన్న బావిని చూపించాను. "పెద్ద బావి ఉండగా ఇదెందుకు? పిల్లలు పడతారు కూడా. పూడ్చెయ్యండి."

ఆ మాట అన్నప్పుడు నాకు నా తెలివి మీద ఎంత ముచ్చట వేసిందో ఇప్పటికీ గుర్తుంది. బండ్లు తప్పాయి, ప్రమాదం తప్పింది, దొడ్డి చదునైంది. ఒక్క దెబ్బకు మూడు పనులు.

గంపలు మోసేవాళ్ళలో నలభై ఏళ్ళ మనిషి ఒకామె ఉండేది. వెనుక సందు దాటితే వచ్చే వాడలో వాళ్ళ ఇల్లు. సెంటు భూమి లేని కుటుంబాల వాడ అది. అందులో కొందరు ఆదివారం మిషను వాళ్ళ ప్రార్థనకు పోయేవారు, కొందరు పోచమ్మకు కోడిని కోసేవారు, ముందుచూపున్న ఒకరిద్దరు రెండూ చేసేవారు. ఆ రోజుల్లో ఊరి బావుల్లో వాళ్ళు చేద వెయ్యడానికి లేదు. అరకోసు దూరం వాగు దాకా నడిచి, ఇసుకలో చెలిమె తోడుకుని, కుండ నిండేదాకా కూర్చుని, మళ్ళీ నడిచి రావాలి.

ఆమె మొదటి గంప నెత్తిన పెట్టుకుని బావి దగ్గర ఆగింది.

"సారూ, ఈ బాయిని పూడుస్తరా?"

"ఆఁ, పూడుస్తాం."

ఆమె ఒక క్షణం నన్ను చూసి, గంప వంచేసింది.

ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు అని అడగడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి. ఆ రోజు ఆమెను 'ఎందుకు అడుగుతున్నావు' అని అడగలేదు. నాలుగు రోజుల్లో బావి నిండింది. ఆ నాలుగు రోజుల్లోనే సుతారి తాపీ కనబడకుండా పోయింది. అది వాళ్ళ నాయిన వాడిన తాపీ అట. ఎవరో కొట్టేశారని గంపలు మోసేవాళ్ళందరి మీదా వాడు నోరు చేసుకున్నాడు. నేను చదును చేసిన నేల మీద బంతి నారు నాటించి, మక్తల్‌కు ఉత్తరం రాశాను. 'శిథిల గృహమునకు నూతన శోభ' అని దానికి శీర్షిక కూడా పెట్టినట్టు గుర్తు.

మొదటి వానలు పడ్డాయి. మిద్దె చుక్క ఉరవలేదు. కచ్చేరిలో పేష్కారు గారి భార్య ఇల్లు చూడటానికి వచ్చింది. అర్రలన్నీ తిరిగింది. జాజు పట్టీ బాగుందన్నది. దర్వాజాలు నిమిరి చూసింది. ఇక కిరాయి మాట్లాడుకోవడమే తరువాయి అనుకుంటుండగా, ఆమె కొంగు ముడి విప్పి గుప్పెడు కందిపప్పు తీసింది.

"బాయి నీళ్ళు జర తోడిపియ్యి" అన్నది.

వాకిట్లోనే మూడు రాళ్ళు పెట్టి, చిన్న కుండలో పప్పు ఉడకేసి, అరుగు మీద కూర్చున్నది. ఏదో పూజ కాబోలనుకున్నాను. నేను పుట్టింది మూసీ ఒడ్డున. మా ఊళ్ళో ఏ నీళ్ళు పోసినా పప్పు ఉడికేది. నీళ్ళకు రుచి ఉంటుందని తెలుసు గాని, వాటి చేతిలో ఇంత అధికారం ఉంటుందని నాకు తెలియదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. కట్టెలు రెండు మోపులు అయిపోయాయి. పప్పు బద్ద బద్దగా కుండలో అలాగే గంతులేస్తోంది. ఆవిడ ఒక బద్ద తీసి నొక్కి చూసి, కుండను పెంటకుప్ప మీద కుమ్మరించింది. అక్కడున్న కోడి పరుగెత్తుకొచ్చి ముక్కుతో పొడిచి వెనక్కు తగ్గింది.

"ఈ పప్పు తినాల్నంటే కోడికి గూడ పండ్లు మొలవాలె" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

లోపం పప్పుదనుకున్నాను. రెండో వారం బడి పంతులు, ఆయన భార్య వచ్చినప్పుడు దుకాణం నుంచి కొత్త పప్పు నేనే తెప్పించాను. తుమ్మ కట్టెలు పెట్టించాను. మట్టి కుండ వద్దని ఇత్తడి గిన్నె ఎరువు తెచ్చాను. పంతులు మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, పప్పు చేతిలోకి తీసుకుని చూశాడు.

"పారెయ్యకుండ్రి. బడిల పోరగాండ్లకు ఎక్కాలు నేర్పనీకె పనికొస్తయి" అన్నాడు.

వారం తిరిగేసరికి ఊళ్ళో దానికి 'ఉడకని ఇల్లు' అని పేరు పడింది. చాయ్ హోటల్ ముందు నుంచి పోతుంటే లోపలి నుంచి కేకలు: "అక్బారు సారూ, ఇయ్యాల ఉడికిందా?" నా వార్తలు చదవనివాళ్ళు కూడా ఈ వార్త చదివేశారు.

అవ్వ ఆషాఢం చివర్లో మక్తల్ నుంచి వచ్చింది. మనవరాలు పుట్టిన సంతోషంలో ఉన్నది. బండి దిగి తిన్నగా ఇంటికే వచ్చింది. మిద్దె చూసి నా వీపు తట్టింది. జాజు పట్టీ పొడవునా వేలితో రాసుకుంటూ అర్ర అర్ర తిరిగింది. తన చిన్న అర్రలో పొయ్యి వేసుకునే మూల చూపించి, "గీడ" అన్నది చిన్నపిల్లలాగా. పప్పు కథ ఎలా చెప్పాలా అని నేను వెనకే తిరుగుతున్నాను. దొడ్డి తలుపు తీసింది. మోకాలెత్తు బంతి చెట్లు మొగ్గ తొడిగి ఉన్నాయి.

"బాయేది?"

"పూడ్చేశానవ్వా. మట్టి పోయడానికి జాగా లేక..."

అవ్వ గడప మీద కూర్చున్నది. చాలాసేపు బంతి చెట్ల వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మంచిగ నాటినవు బిడ్డా, వరుసగ" అన్నది చివరికి. "ముందరి బాయి చౌడు బాయి. బట్టలకు, బర్రెలకు. ఈ సుట్టుపక్కల ఏడు ఇండ్లల్ల పప్పు ఉడికే నీళ్ళు ఇదొక్క దాంట్లనే ఉన్నయి. అందుకే గద నా వడ్డాణం అమ్మి గీ ఇల్లు కొన్నది."

ఆమె ఇల్లు కొనలేదు. బావి కొన్నది. ఆ బావిని నేను ఆమె డబ్బుతోనే పూడ్పించాను.

మరునాడు గంపలు మోసిన ఆ మనిషి కోసం వాడకు వెళ్ళాను. నాకు సిగ్గుగానూ ఉన్నది, కోపంగానూ ఉన్నది. "నీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆమె జొన్నలు చెరుగుతూ తలెత్తలేదు. "పూడుస్తరా అని అడిగిన. ఎందుకడుగుతున్నవని నువ్వు అడిగినవా? నాకేం తెలుసు, పెద్దోళ్ళు ఏం మతలబుతోని పూడుస్తున్నరో." చాట కింద పెట్టింది. "ఆ బాయి తవ్వింది మా నాయిన. నేను గప్పుడు గింతదాన్ని. తీసిన గంప నేనే మోసిన, పోసిన గంప నేనే మోసిన."

"తవ్వింది మీ నాయినా? మరి మీరు నీళ్ళు..."

"నీళ్ళు పడ్డ దినం మా నాయిన దోసిట్ల పట్టి తాపిండు. తియ్యగుండె. తెల్లారి గోడ పెట్టిండ్రు."

ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. నిన్న సంతకు పోయి వచ్చానన్నట్టు చెప్పింది. నేనే అక్కడ నిలబడలేకపోయాను.

తిరిగి తవ్వడం గురించి సుతారిని అడిగితే తల అడ్డంగా ఊపాడు. పూడ్చిన బావిని తెలియనివాళ్ళు తవ్వితే కట్టుడు రాళ్ళు కూలి మనుషుల మీద పడతాయట. ఆ రాళ్ళు ఎలా పేర్చారో తెలిసినవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు ఊళ్ళో ఒకే ఇంట్లో ఉన్నారు. అవ్వ కబురు పెట్టింది. గంపలు మోసిన ఆమె వచ్చి దొడ్డి గోడ పడగొట్టిన చోట, సందులోనే నిలబడింది.

"తవ్వుతం అవ్వా. మా అన్నదమ్ములు నలుగురున్నరు, ఏ రాయి ఎట్ల తియ్యాల్నో మా నాయిన చెప్పిండు. కూలి ఎంతిస్తవో నీ ఇష్టం. గని ఒక్క మాట."

"చెప్పు."

"ఈ దిక్కు మాకొక గిరక కావాలె."

నేను అవ్వ మొహం చూశాను. అది చిన్న కోరిక కాదు. ఆ గిరక పెడితే ఊళ్ళో పెద్ద కులాల ఉద్యోగస్తుడెవరూ ఆ ఇంట్లోకి రాడు. ఆ గిరక లేకపోతే బావే లేదు. అవ్వ మరిది ఇంటికి నడిచిపోయింది. ఆ రాత్రి అక్కడ ఏం తిన్నదో, ఎవరి మొహం చూస్తూ తిన్నదో నాకు తెలియదు. పొద్దున్నే వచ్చి సుతారిని పిలిచింది.

"రెండు గిరకలు" అన్నది.

సుతారి మీసం దువ్వుకుని, బావి చుట్టూ మూడు సార్లు తిరిగి ఉపాయం చెప్పాడు. లడాయి మూలంగా ఇనుప దూలం దొరకదు. రాతి దూలం వేద్దాం. బావి నోటి మీద నడిమికి అడ్డంగా రాతి దూలం, దూలం మీద వెనుక గోడ. సగం నోరు దొడ్డిలోకి, సగం సందులోకి. ఇటొక గిరక, అటొక గిరక. ఇవతలివాళ్ళకు అవతలివాళ్ళు కనబడరు, నీళ్ళు ఒక్కటే. ఇప్పటికీ ఇల్లు మరమ్మతు గురించి ఎవరైనా నన్నడిగితే ఆ గోడే గుర్తుకొస్తుంది. పాత ఇంటికి ఏదైనా చేర్చేటప్పుడు, అది ఇద్దరికి పనికొచ్చేలా చేర్చగలమా అని చూడాలి.

సంగతి తెలిసి మరిది వచ్చాడు.

"ఏందిది వదినె? ఆ గిరక పెడితే ఈ ఊర్ల నీ ఇంట్ల ఎవడుంటడు?"

"ఎవడుండకుంటే నేనే ఉంట."

"ఒక్కదానివి ఏడు అర్రలల్ల ఏం జేస్తవు?"

"వారానికి ఏడు దినాలున్నయి గద. దినానికొక అర్రల పండుకుంట."

మరిదికి నవ్వు వచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఆ తర్వాత ఆ సంగతి మీద మళ్ళీ మాట్లాడలేదు.

తవ్వకం పదకొండు రోజులు పట్టింది. బంతి చెట్లను ముందే వేళ్ళతో సహా తీసి పక్కన పాతుకున్నాం. వాడ ఆడవాళ్ళు తలా రెండు తీసుకుపోయారు. అన్నదమ్ములు నలుగురూ వంతుల మీద దిగేవారు. వాళ్ళ తోబుట్టువు, గంపలు మోసిన ఆమె, గట్టు మీద నిలబడి, "ఆ రాయి ముట్టకు, దాని కాలు కింద రాయి మీదుంది, ముందుగాల పక్కది తియ్యి" అని కేకలేస్తుండేది. చిన్నప్పుడు చూసినది అంతా అలాగే గుర్తున్నట్టుంది. నేను రోజూ గంపలందుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. నేను మోస్తుంటే వాడ ఆడవాళ్ళకు అదొక తమాషా.

"అక్బారు సారూ, మెల్లగ. గీ వార్త బరువుంది."

ఎనిమిదో రోజు గంపలో మట్టితో పాటు సుతారి తాపీ పైకి వచ్చింది. వాళ్ళ నాయిన తాపీ. వాడే గుట్ట మీద పెట్టి మరిచిపోతే మన్నుతో పాటు బావిలోకి పోయిందన్నమాట. గంపలు మోసిన ఆమె దాన్ని కొంగుతో తుడిచి సుతారి చేతికిచ్చింది.

"దొంగ దొరికిందా మేస్త్రీ?"

సుతారి అందరి మొహాలూ చూశాడు. మీసం కింద ఏదో గొణిగాడు. ఆ రోజు సాయంత్రం తన డబ్బుతో అందరికీ బెల్లం, పుట్నాలు తెప్పించాడు. అంత పెద్ద కోపం అంత చిన్న పొట్లంలో పట్టడం నేను మళ్ళీ చూడలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం లోపలి నుంచి కేక వినిపించింది. "ఊట!" ఆ కేక విని అవ్వ ఇంట్లోంచి, సందులోంచి వాడవాళ్ళు, హోటల్ ముందు నుంచి పనిలేనివాళ్ళు అందరూ వచ్చేశారు. రెండు రోజులు బురద నీళ్ళు తోడి పోశాం. మూడో రోజుకు నీళ్ళు తేటపడ్డాయి. రాతి దూలం చెక్కించి తేవడానికే నెల పైన పట్టింది. అది వచ్చాక సుతారి దూలమెత్తించి గోడ కట్టి రెండు గిరకలు బిగించాడు.

పేష్కారు గారి ఇంటి నుంచి మనిషి వచ్చాడు. నీళ్ళు మంచివేనని విన్నామని, సందు దిక్కు గిరక తీసేస్తే రేపే సామాను దింపుతామని కబురు. బతుకమ్మకు ఇంక పది రోజులు కూడా లేదు. నేను అవ్వ వైపు చూసి, అనకూడని మాట అన్నాను. "కొన్నాళ్ళకు తీసేసినట్టు తీసేసి, మళ్ళీ..."

"బిడ్డా" అన్నది అవ్వ, "ఒకసారి పూడ్చినవు. సాలదా?"

కబురు తెచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్ళాడు.

తరువాతి శుక్రవారం పరదాలు కట్టిన బండి ఒకటి వచ్చి ఆగింది. దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు సాబు తల్లి. ముసలావిడ. డాక్టరు సాబు భార్య గోషా పాటించే మనిషి. ఊళ్ళో చూపించిన ఇళ్ళన్నిటికీ బావులు వాకిట్లోనే ఉన్నాయి, వీధికి కనబడేలా. ముసలావిడ దొడ్డిలోకి వచ్చి గోడ చూసింది. గోడ కింద సగం బావి చూసింది. అవతల నుంచి గిరక కిర్రుమని చప్పుడైంది.

"అవతల ఎవరమ్మా?"

అవ్వ దాచలేదు. వాడ సంగతి, తవ్విన సంగతి, ఇచ్చిన మాట, అన్నీ చెప్పింది. చెప్పి, చేతులు కట్టుకుని నిలబడింది. ఇక నేనుగా చెప్పవలసింది ఏమీ లేదు.

"మా బహూకు గోషా ఉంది" అన్నది ముసలావిడ. "నీళ్ళకు గోషా ఉంటదా?" అని తన రుమాలు ముడి విప్పింది. అందులో కందిపప్పు.

మూడు రాళ్ళు పెట్టాం. ఈసారి ఎవరూ ఇంటికి పోలేదు. సుతారి తాపీ నడుముకు దోపుకుని నిలబడ్డాడు. గోడ అవతల మాటలు ఆగిపోయాయి. పప్పు కుండలో మొదట గంతులేసింది. నా గుండె కూడా. తర్వాత గంతులు తగ్గాయి. తర్వాత పచ్చటి నురగ పొంగి రాళ్ళ మీద పడి చుయ్యిమన్నది. ముసలావిడ మూత తీసి, గరిటెతో ఒక్కసారి తిప్పింది. బద్దలు లేవు. అంతా ఒకటే ముద్ద.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, రెండూ అయ్యుంటాయి.

ముసలావిడ ఉప్పు వేసి, మోదుగాకులు తెప్పించింది. "తవ్వినోళ్ళను పిలువుండ్రి" అన్నది. బావి తవ్వినవాడి కూతురు సందులోంచి చుట్టూ తిరిగి, వాకిలి దాటి, దర్వాజా లోంచి ఇంట్లోకి వచ్చింది. ఆ ఇంట్లోకి గంప లేకుండా రావడం ఆమెకు అదే మొదటిసారి. మొదటి గరిటె ఆమె ఆకులో పడింది. ముసలావిడ గరిటె పట్టుకుని రెండో ఆకు కోసం చూసింది. అవ్వ నిలబడే ఉన్నది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె ఇంకో కులం వాళ్ళ చేతి అన్నం ముట్టి ఎరగదు. అవ్వ నెమ్మదిగా కింద కూర్చుని, ఆమె ఆకు పక్కనే తన ఆకు పరిచింది.

"ఏ అవ్వా, మెత్తగుందా?" అని అడిగింది బావి తవ్వినవాడి కూతురు.

"పండ్లు లేని కోడి గూడ తింటది" అన్నది అవ్వ. దొడ్డి అంతా నవ్వింది. గోడ అవతల నుంచి కూడా నవ్వులు వినిపించాయి.

డాక్టరు సాబు కుటుంబం ఆ వారమే దిగింది. సందు దిక్కు గిరక పేరు చెప్పి ఊళ్ళో కొందరు మా వాకిట్లోకి రావడం మానేశారు. పండుగ రద్దీ తీరాక వాళ్ళలో సగం మంది మళ్ళీ వచ్చారు, మిగతావాళ్ళు రాకపోయినా ఏమీ ఆగలేదు. బతుకమ్మ మొదటి రోజు అవ్వ తన అర్రలో తన పొయ్యి ముట్టించుకుంది. వాడ ఆడవాళ్ళు తీసుకుపోయిన బంతి చెట్లు అప్పటికి విరగబూశాయి. సందులో వాళ్ళు పేర్చిన బతుకమ్మలో నేను నాటించిన పూలున్నాయి. ఆ ఊళ్ళో నేను చేసిన పనుల్లో ఎవరూ తప్పు పట్టనిది అదొక్కటే.

నేను ఆ ఇంటి గురించి పత్రికకు ఒక వార్త రాసి పంపాను. అచ్చు కాలేదు. అందులో వార్త ఏముందని అడుగుతూ కార్డు వచ్చింది. తర్వాత నేనే పట్నం వెళ్ళి, ఆ పత్రికలోనే కుర్చీ వేసుకుని, ఇలాంటి కార్డులు ఇతరులకు రాశాను. వాటిలో కొన్ని రాయకుండా ఉండవలసింది.

ఆ రోజు దొడ్డిలో పప్పు పంపకం ఎలా ముగిసిందో చెప్పడం మరిచాను. సుతారికి పెట్టారు. అన్నదమ్ములు నలుగురికీ పెట్టారు. హోటల్ ముందు నుంచి వచ్చిన పనిలేనివాళ్ళకు కూడా పెట్టారు. నేను ఆకు పట్టుకుని నిలబడే ఉన్నాను. ముసలావిడ నా వైపు చూసి, ఇతనెవరని అడిగింది. బావి తవ్వినవాడి కూతురు, అవ్వ, సుతారి ముగ్గురూ ఒక్కసారే చెప్పారు.

"పూడ్చింది ఈయినే!"

ముసలావిడ తలూపి, కుండ వంచి, అడుగున మాడిన పప్పంతా గోకి నా ఆకులో వేసింది. అంత కమ్మటి మాడు నేను మళ్ళీ తినలేదు.